బండి మొరాయిస్తే కార్బ్యురేటర్ మార్చేయడమేనా?
కొత్తది బిగించడం అరగంట పని... ట్యూనింగ్ కుదరకపోతే ఖర్చంతా వృథా

తెల్లవారుజామున పొలానికి బయలుదేరదామని బండి తీస్తే పది కిక్కులకు గానీ ఇంజిన్ అందుకోదు. అందుకున్నా చోక్ తీయగానే ఆగిపోతుంది. గట్టు మీద మట్టి బాట ఎక్కేసరికి ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. లీటరుకు అరవై కిలోమీటర్లు ఇచ్చిన బండి నలభై అయిదుకు దిగజారుతుంది. మెకానిక్ షెడ్డుకు తీసుకెళితే చాలాచోట్ల వినిపించే మాట ఒక్కటే... కార్బ్యురేటర్ పోయింది, కొత్తది వేద్దాం. సరేనని వేయించుకుంటే వారం తిరగకుండానే మళ్లీ అదే తంతు. చాలా సందర్భాల్లో పాత కార్బ్యురేటర్‌లో లోపమే ఉండదు. నిజంగా అదే చెడిపోయిన సందర్భాల్లో కొత్తది బిగించాక చేయాల్సిన అసలు పని, అంటే ట్యూనింగ్, జరగదు.

నష్టం చిన్నదేమీ కాదు. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగే బండి మైలేజీ అరవై నుంచి నలభై అయిదుకు పడిపోతే రోజూ అదనంగా తాగే పెట్రోలు సుమారు 220 మిల్లీలీటర్లు. లీటరు రూ.108 అనుకున్నా రోజుకు రూ.24, నెలకు పాతిక రోజులు తిరిగితే రూ.600. పాల కేంద్రానికి క్యాన్లు మోసేవారికి, ఊరూరా తిరిగి కూరగాయలు అమ్ముకునేవారికి అది భారమే.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక కొత్త ద్విచక్ర వాహనాల్లో దాదాపు అన్నింటికీ ఇంధనాన్ని కంప్యూటర్ లెక్క ప్రకారం చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఒకటి రెండు మోడళ్లలో మాత్రం ఎలక్ట్రానిక్ కార్బ్యురేటర్ కొనసాగింది. అయితే పల్లెల్లో నేటికీ పొలం బాటల మీద తిరుగుతున్నవి ఎక్కువగా అంతకుముందు కొన్న 100 సీసీ బండ్లు, మోపెడ్‌లే. వాటి ఊపిరి కార్బ్యురేటర్ చేతుల్లోనే ఉంది.

లోపల జరిగేదేమిటి?

ఇంజిన్‌కు గాలి, పెట్రోలు తగు పాళ్లలో కలిపి అందించడమే కార్బ్యురేటర్ పని. గొట్టం మధ్యలో సన్నబడితే అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ పేరిట ఈ సన్నని భాగాన్ని వెంచురీ అంటారు. తగ్గిన పీడనం వల్ల కింది గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రాల గుండా పైకి లేచి తుంపరలుగా గాలిలో కలుస్తుంది. ఆ రంధ్రాలున్న ఇత్తడి ముక్కలే జెట్‌లు. గిన్నెలో పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండేలా తేలుతూ కాపు కాసేది ఫ్లోట్. మట్టం పెరగగానే అది సూది వాల్వును మూసి ట్యాంకు నుంచి వచ్చే ధారను ఆపుతుంది.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు పాలు ఎక్కువైతే రిచ్, తక్కువైతే లీన్ అని మెకానిక్‌లు వ్యవహరిస్తారు. రిచ్ అయితే పొగ నల్లగా వస్తుంది, ప్లగ్ మసిబారుతుంది, పెట్రోలు వృథా అవుతుంది. లీన్ అయితే ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది. రెండింటిలో ఇంజిన్‌కు ఎక్కువ ప్రమాదకరమైనది లీనే. బస్తాలు వేసుకుని ఎత్తు ఎక్కే బండికి ఇది మరీ చేటు. వాల్వులు కాలడం, పిస్టన్ పట్టేయడం వరకూ వెళుతుంది.

జెట్‌లన్నీ ఒకేసారి పనిచేయవన్నది చాలామంది గుర్తించని సంగతి. యాక్సిలరేటర్ వదిలేసి ఉన్నప్పుడు, ఎనిమిదో వంతు వరకూ తిప్పినప్పుడు పెట్రోలు అందించేది స్లో జెట్. ఆపైన పావు వంతు వరకు స్లైడ్ అడుగున కోసి ఉన్న వంపు ప్రభావం చూపుతుంది. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కు వేలాడే సూది పెత్తనం నడుస్తుంది. ముప్పావు దాటి పూర్తిగా తిప్పితేనే మెయిన్ జెట్ ప్రమేయం. కాబట్టి బండి ఏ దశలో ఇబ్బంది పెడుతోందో గమనిస్తే లోపం ఎక్కడుందో సగం తెలిసిపోయినట్లే. యాక్సిలరేటర్ పిడి మీద చిన్న తెల్ల టేపు అంటించి, పావు, సగం, ముప్పావు దగ్గర గీతలు పెట్టుకుని నడిపి చూడటం అనుభవజ్ఞులైన మెకానిక్‌ల పాత పద్ధతి.

నేరం దానిది కాకపోవచ్చు

కార్బ్యురేటర్ మీద చెయ్యి వేసే ముందు నాలుగైదు అంశాలు పరిశీలించాలి. మొదటిది ఎయిర్‌ఫిల్టర్. ఎర్రమట్టి దారుల్లో, ట్రాక్టర్ల వెనుక తిరిగే బండికి ఇది త్వరగా మూసుకుపోతుంది. గాలి అందక బండి రిచ్‌గా నడుస్తూ పెట్రోలు తాగేస్తుంది. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పట్టించి పిండి వేయవచ్చు. నూనె పూతతో వచ్చే కాగితపు ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు, గాలి కొట్టకూడదు. మార్చాల్సిందే.

తర్వాత స్పార్క్ ప్లగ్, దాని టోపీ, వాల్వుల సందు, పెట్రోలు ట్యాప్‌లోని జాలి, ట్యాంకు మూతలోని గాలి రంధ్రం చూడాలి. మూత రంధ్రం మూసుకుపోతే ట్యాంకులోకి గాలి చేరక పెట్రోలు దిగదు. కొంతదూరం వెళ్లి బండి ఆగిపోతుంది, మూత తీసి పెడితే మళ్లీ నడుస్తుంది. ఈ ఒక్క లక్షణం తెలియక కార్బ్యురేటర్ మార్పించుకున్నవారు ఎందరో. ఇంజిన్‌కు, కార్బ్యురేటర్‌కు మధ్యనున్న ఓ-రింగ్ ఎండిపోయి గాలి పీల్చినా బండి నిలకడగా ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా ఆ అతుకు మీద కాసిన్ని సబ్బునీళ్లు పోస్తే శబ్దంలో మార్పు వస్తుంది. వచ్చిందంటే లీకు అక్కడే.

ఇవన్నీ బాగుంటే అప్పుడు కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేయించాలి. నెలల తరబడి వాడకుండా వదిలేసిన బండిలో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. అదే జెట్‌లను మూసేస్తుంది. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. చేతికందిన పిన్నీసో, క్లచ్ వైరు పోగో తీసి జెట్ రంధ్రంలో పొడుస్తుంటారు. కెయిహిన్ రకం జెట్ మీద 35 అని ఉంటే ఆ రంధ్రం వ్యాసం 0.35 మిల్లీమీటర్లు. మెత్తటి ఇత్తడిని ఇనుప తీగతో గీరితే అది కొంచెమైనా పెద్దదవుతుంది. ఒక్కసారి పెద్దదైతే ఏ ట్యూనింగూ దానిని సరిచేయలేదు. క్లీనర్ ద్రవంలో నానబెట్టి గాలి కొట్టడమే సరైన మార్గం.

మరి మార్చాల్సింది ఎప్పుడు? స్లైడ్ అరిగిపోయి వదులుగా ఊగుతున్నప్పుడు, సూది, సూది కూర్చునే గొట్టం కోలగా అరిగినప్పుడు, బాడీ పగిలినప్పుడు, స్క్రూల మరలు పోయినప్పుడు, ఇంజిన్ వైపు అంచు వంగిపోయినప్పుడు మార్పు తప్పదు. సూది వాల్వు, ఫ్లోట్, ప్యాకింగ్‌లు మాత్రమే పాడైతే రిపేరు కిట్‌తో పని తీరిపోతుంది.

కొనేటప్పుడు జాగ్రత్త

విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ పుత్లీబౌలి దుకాణాల నుంచి మండల కేంద్రాల దాకా విడిభాగాల వ్యాపారం విస్తరించింది. అసలు కంపెనీ సరుకుతో పాటు దానిని పోలిన నకిలీలూ దొరుకుతున్నాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా లోపల జెట్‌ల కొలతల్లో, స్లైడ్ నునుపులో ఉంటుంది. బండి మోడల్, తయారైన సంవత్సరం చెప్పి, పాత కార్బ్యురేటర్ వెంట తీసుకెళ్లి బాడీపై ఉన్న గుర్తింపు అంకెలు పోల్చుకుని కొనడం మేలు. 100 సీసీ బండ్లన్నింటికీ ఒకే కార్బ్యురేటర్ సరిపోతుందన్న మాట నమ్మరాదు. బోల్టుల దూరం కలిసినంత మాత్రాన జెట్‌లు కలిసినట్లు కాదు. పెద్దది వేస్తే బండి దూసుకుపోతుందని కుర్రకారు 125 సీసీ, 150 సీసీ కార్బ్యురేటర్లు పెట్టించుకోవడమూ కనిపిస్తుంది. చిన్న ఇంజిన్ పీల్చే గాలికి పెద్ద గొట్టంలో వేగం రాదు. దాంతో పెట్రోలు సరిగా తుంపరగా మారక తక్కువ వేగంలో బండి మరింత మొరాయిస్తుంది. బిల్లు తీసుకోవడం, పాత కార్బ్యురేటర్‌ను షెడ్డులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోవడం మరవకూడదు. అందులోని జెట్‌లు తర్వాత అక్కరకు వస్తాయి.

బిగించే విధానం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట లేదా గాలి ఆడే చోట పని మొదలుపెట్టాలి. బీడీ, సిగరెట్, దీపం దగ్గర ఉండరాదు. పెట్రోలు ట్యాప్ మూసి, గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి అందులోని పెట్రోలును సీసాలోకి దించాలి. ఎయిర్‌ఫిల్టర్ రబ్బరు గొట్టం క్లాంపు, ఇంజిన్ వైపు రెండు బోల్టులు విప్పితే కార్బ్యురేటర్ చేతికొస్తుంది. పైమూత తిప్పి స్లైడ్‌ను, దానికున్న సూదిని మెల్లగా పైకి తీయాలి. సూది వంగితే ఇక పనికిరాదు. విప్పిన వెంటనే ఇంజిన్ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ పెట్టాలి. చిన్న నట్టు జారి అందులో పడితే కార్బ్యురేటర్ ఖర్చుకు ఇంజిన్ ఖర్చు తోడవుతుంది.

కొత్తది పెట్టే ముందు గిన్నె విప్పి జెట్‌ల మీది అంకెలు పాతవాటితో సరిచూడాలి. ఓ-రింగ్ తప్పకుండా కొత్తది వేయాలి. స్లైడ్‌కు పక్కన ఉన్న గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి, అడుగున కోసిన వంపు ఎయిర్‌ఫిల్టర్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే స్టార్ట్ చేయగానే ఇంజిన్ అదుపు లేకుండా రేస్ అవుతుంది. రెండు బోల్టులను కొంచెం కొంచెంగా, సమానంగా బిగించాలి. బలం చూపిస్తే అంచు వంగి గాలి లాగుతుంది.

స్టార్ట్ చేసేముందు యాక్సిలరేటర్ తిప్పి వదిలితే స్లైడ్ ఠక్కున కిందికి దిగిన శబ్దం వినిపించాలి. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి కూడా ఇదే పరీక్ష చేయాలి. మలుపులో తీగ బిగుసుకుని బండి దానంతటదే వేగం అందుకుంటే ప్రాణాల మీదికొస్తుంది. ఆ తర్వాత ట్యాప్ తెరిచి అయిదు నిమిషాలు ఊరికే చూడాలి. ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోలు కారితే సూది వాల్వులో నలక పడిందనో, ఫ్లోట్ మట్టం తప్పిందనో అర్థం. కారుతుండగా కిక్ కొట్టరాదు.

అసలు పని ఇప్పుడే

ట్యూనింగ్ వేడి ఇంజిన్ మీదే చేయాలి. పది నిమిషాలు బండి నడిపి వచ్చాక, చోక్ పూర్తిగా తీసేసి మొదలుపెట్టాలి. కార్బ్యురేటర్‌కు పైకి కనిపించే స్క్రూలు రెండు. ఒకటి స్లైడ్‌ను పైకి నెట్టి ఐడిలింగ్ వేగాన్ని నిర్ణయిస్తుంది. రెండోది గాలి, పెట్రోలు పాళ్లను సరిచేస్తుంది. ఈ రెండో స్క్రూ ఎక్కడుందో గమనించడం ముఖ్యం. స్లైడ్‌కు ఎయిర్‌ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ. బయటికి తిప్పితే లీన్, లోపలికి తిప్పితే రిచ్. ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ. లెక్క పూర్తిగా తలకిందులు. ఒక బండి మీద పని నేర్చుకుని అదే చేతివాటం మరో కంపెనీ బండి మీద ప్రయోగిస్తే ఫలితం బెడిసికొట్టేది ఇక్కడే.

రెండో స్క్రూను లోపలికి మెత్తగా ఆగేవరకు తిప్పాలి. బలవంతం చేస్తే సూదిమొన చెడుతుంది. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్లు బయటికి తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయాలి. ఐడిలింగ్ కాస్త పెంచి, రెండో స్క్రూను పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పుతూ ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగి వినాలి. ఒకచోట ఇంజిన్ వేగం తగ్గుతుంది. మళ్లీ బయటికి తిప్పుతూ పోతే మరోచోట తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య ఇంజిన్ అత్యంత చురుగ్గా, సమంగా కొట్టుకునే స్థానమే సరైన పాళ్లు. అక్కడ వదిలి ఐడిలింగ్‌ను దించాలి. చాలా 100 సీసీ బండ్లకు నిమిషానికి 1,400 చుట్ల దరిదాపుల్లో ఉంటే చాలు. దించాక మరోసారి రెండో స్క్రూ సరిచూడాలి.

ఇప్పుడు యాక్సిలరేటర్‌ను చటుక్కున కొంచెం తిప్పి వదలాలి. వెంటనే అందుకుని, వదలగానే మామూలు వేగానికి దిగితే సర్దుబాటు కుదిరినట్లే. అందుకునే ముందు తడబడితే లీన్. వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడినా లీనే, లేదా ఎక్కడో గాలి లాగుతోంది. ఐడిలింగ్ కన్నా కిందికి పడిపోయి తర్వాత తేరుకుంటే రిచ్.

ఈ స్క్రూ గురించి ఒక అపోహ బలంగా పాతుకుపోయింది. మైలేజీ పెంచమని అడిగితే మెకానిక్ స్క్రూడ్రైవర్ తీసి దీన్ని అరచుట్టు తిప్పుతాడు, బండి యజమాని తృప్తిగా వెళతాడు. నిజానికి ఆ స్క్రూ సర్దేది ఐడిలింగ్, అతి తక్కువ వేగాల్లో వెళ్లే పెట్రోలును మాత్రమే. నలభై, యాభై కిలోమీటర్ల వేగంలో సాగే బండికి పెట్రోలు పంపేది సూది. ఆ స్క్రూ తిప్పి రోడ్డు మీద మైలేజీ పెంచడం జరిగే పని కాదు. తేడా వచ్చేది టైరు గాలి, చైను బిగువు, బ్రేకు రాపిడి, ఫిల్టర్ శుభ్రత, నడిపే తీరులోనే. స్క్రూను లీన్ వైపు తిప్పించుకున్నందుకు దక్కేది పొద్దున్నే స్టార్ట్ కాని బండి.

సూదికి మెడ దగ్గర గాట్లు ఉన్న రకంలో సగం యాక్సిలరేటర్ దశను సరిచేసుకునే వీలుంటుంది. క్లిప్పును ఒక గాటు కిందికి మారిస్తే సూది పైకి లేచి రిచ్ అవుతుంది, పైకి మారిస్తే లీన్ అవుతుంది. ఒకసారికి ఒక్క గాటే మార్చి నడిపి చూడాలి. ఒకే గాటున్న సూదుల్లో ఈ వెసులుబాటు లేదు. మెయిన్ జెట్ జోలికి మాత్రం కంపెనీ చెప్పిన అంకె తప్పినప్పుడే వెళ్లాలి. 125, 150 సీసీ బండ్లలో కొన్నింటికి స్లైడ్‌పై పల్చని రబ్బరు పొర ఉంటుంది. అది చిరిగితే యాక్సిలరేటర్ ఎంత తిప్పినా వేగం రాదు. ట్యూనింగ్‌తో తీరే జబ్బు కాదది.

చివరి సాక్షి స్పార్క్ ప్లగ్. పది, పదిహేను కిలోమీటర్లు నడిపాక, ఇంజిన్ చల్లారనిచ్చి ప్లగ్ విప్పితే మొన దగ్గర లేత ఇటుక రంగు లేదా కాఫీపొడి రంగు కనిపించాలి. నల్లటి పొడిమసి ఉంటే రిచ్, సున్నం వేసినట్లు తెల్లగా ఉంటే లీన్. పొగ తనిఖీ కేంద్రంలో ఇచ్చే చీటీ కూడా పనికొస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ శాతం ఎక్కువగా ఉందంటే ఐడిలింగ్‌లో బండి రిచ్‌గా ఉన్నట్లే.

ఇథనాల్ తెచ్చిన చిక్కు

పాత లెక్కలను కొంత మార్చిన అంశం పెట్రోలే. 2025 నాటికి దేశవ్యాప్తంగా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సర్వసాధారణమైంది. గ్రాము ఇథనాల్ మండటానికి సుమారు 9 గ్రాముల గాలి చాలు. అందువల్ల ఈ మిశ్రమానికి గాలి పాలు 14.7 నుంచి 13.5 దరిదాపులకు తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్లు దీన్ని కొంతమేర సర్దుకుంటాయి. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. స్వచ్ఛమైన పెట్రోలుకు సరిచేసిన బండిలో అవే జెట్‌లు ఉంటే మిశ్రమం సుమారు ఏడు శాతం లీన్ అవుతుంది. చలికాలం ఉదయాల్లో చోక్ ఎక్కువసేపు అవసరమవడానికి, తిప్పగానే తడబడటానికి ఇదీ ఒక కారణం. స్క్రూను పావు, అర చుట్టు రిచ్ వైపు సరిచేస్తే ఐడిలింగ్ కుదురుతుంది. గాట్లున్న సూది అయితే ప్లగ్ తెల్లగా కనిపించినప్పుడు క్లిప్పు ఒక గాటు కిందికి దించవచ్చు.

నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, 10 శాతం మిశ్రమానికి సర్దిన ద్విచక్ర వాహనాల్లో 20 శాతం మిశ్రమంతో సామర్థ్యం 3 నుంచి 4 శాతం తగ్గుతుంది. అంటే అరవై ఇచ్చే బండి యాభై ఎనిమిదికి దిగితే దానికి ఇంధనం కారణం కావచ్చు. నలభై అయిదుకు దిగితే మాత్రం లోపం బండిలోనే వెతకాలి.

ఇథనాల్ తేమను పీలుస్తుంది. బండిని వారాల తరబడి కదపకుండా ఉంచితే నీరు వేరుపడి ట్యాంకు అడుగున, కార్బ్యురేటర్ గిన్నెలో చేరుతుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, ఓ-రింగ్‌లు ఉబ్బడం, పెళుసుబారడం కూడా జరుగుతుంది. ఇంధనాన్ని తట్టుకునే కొత్త గొట్టం వేయించుకోవడం పెద్ద ఖర్చు కాదు. బండిని నెల రోజులకు పైగా పక్కన పెట్టాల్సి వస్తే ట్యాప్ మూసి, గిన్నెలోని పెట్రోలు దించేస్తే జెట్‌లు మూసుకుపోవు.

మన్యం బండ్లకు వేరే లెక్క

విశాఖ తీరంలో సరిచేసిన బండి అరకు లోయ ఎక్కితే కాస్త బరువుగా నడవడం అక్కడి వాహనచోదకులకు అనుభవమే. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సాంద్రత తీరంతో పోలిస్తే దాదాపు 8 శాతం తక్కువ. గాలి పలుచబడినా జెట్ రంధ్రం మారదు కాబట్టి మిశ్రమం రిచ్ అవుతుంది. ఒకటి రెండు రోజుల ప్రయాణానికి ఏమీ మార్చనక్కర్లేదు. అక్కడే ఉండి నడిపేవారు మాత్రం అక్కడి మెకానిక్‌తోనే, అక్కడి గాలిలోనే ట్యూనింగ్ చేయించుకోవాలి. కొండ మీద లీన్‌గా సర్దిన బండిని మైదానానికి దించి బరువులు వేస్తే ఇంజిన్ వేడెక్కుతుందని గుర్తుంచుకోవాలి. చిత్రమేమిటంటే ఎత్తు వల్ల వచ్చే రిచ్, ఇథనాల్ వల్ల వచ్చే లీన్ కొంతవరకు ఒకదానినొకటి సరిపెట్టుకుంటాయి.

కొత్త కార్బ్యురేటర్ వేయించుకున్న వారం తర్వాత ఒకసారి షెడ్డుకు వెళ్లి ఇంజిన్ వైపు రెండు బోల్టుల బిగువు, ప్లగ్ రంగు, ఓవర్‌ఫ్లో గొట్టం దగ్గర తడి చూపించుకోవాలి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. కొత్త కార్బ్యురేటర్ వేయించేముందే ఈ మాట మెకానిక్‌తో మాట్లాడుకుని, బిగించే కూలిలోనే ట్యూనింగ్ కూడా కలిపి ఒప్పుకోవడం మంచిది.